బానిసలకు ఆదివారం సెలవు ఉండేదా? పని గంటల మీద, సెలవుల మీద చర్చ

ఉప్పుటేరు:
మేముండేది వర్జీనియాలో. మొన్న ఇండియా నుంచి వచ్చిన బావగారిని తీసుకుని జార్జ్ వాషింగ్టన్ ఎస్టేట్ మౌంట్ వెర్నన్‌కి వెళ్లాం. బానిసల ఇళ్ల దగ్గర గైడ్ చెప్పిందేమిటంటే, వాళ్లకి వారానికి ఆరు రోజులు పని, ఆదివారం సెలవు, క్రిస్మస్‌కి మూడు నాలుగు రోజులు, ఈస్టర్‌కీ పెంతెకొస్తుకీ కూడా సెలవు. బావగారు వెంటనే "మా ఆఫీసు కంటే నయమే" అన్నారు. నాకు చిరాకేసింది కానీ ఏం చెప్పాలో తట్టలేదు. బానిసకి సెలవేమిటి అసలు? చట్టం ఇచ్చిందా, యజమాని దయా, లేక ఆచారమా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పాతనాణెం:
గైడ్ చెప్పింది నిజమే. కాకపోతే "ఆరు రోజులు పని" అన్నప్పుడు రోజంటే ఎంత అని అడగాలి. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గూకేదాకా. వర్జీనియాలో జూన్ నెలలో పగలే దాదాపు 15 గంటలు ఉంటుంది. 1799 నాటికి ఆ ఎస్టేట్‌లో 317 మంది బానిసత్వంలో ఉన్నారు. వాళ్లకి కొలిచి ఇచ్చేది మొక్కజొన్న పిండి, ఉప్పుచేపలు. దాంతో కడుపు నిండదు. అందుకని ఆదివారం వస్తే సొంత పెరట్లో కూరగాయల పని, కోళ్ల పని, బట్టలు ఉతుక్కోవడం, చిరుగులు కుట్టుకోవడం. ఎస్టేట్‌లో వేరే పొలం మీద ఉంచిన భర్తనో భార్యనో చూడటానికి నడిచి వెళ్లేదీ ఆ రోజే. గుడ్లు, కూరలు పట్టుకెళ్లి పక్కనున్న అలెగ్జాండ్రియా ఊరి సంతలో అమ్ముకునేవాళ్లూ ఉన్నారు.

ఇదంతా పొలం మనుషుల సంగతి. ఇంటి పనివాళ్లకి ఆ ఆదివారమూ లేదు. అతిథులు ఎప్పుడొస్తే అప్పుడు పొయ్యి వెలగాలి, రాత్రి ఎప్పుడు పిలిస్తే అప్పుడు లేవాలి. వాషింగ్టన్ వంటమనిషి హెర్క్యులీస్ 1797 ఫిబ్రవరి 22న పారిపోయాడు. సరిగ్గా వాషింగ్టన్ పుట్టినరోజున. అంతకు ముందు కొన్నాళ్లుగా అతన్ని వంటగదిలోంచి తీసేసి మట్టి తవ్వడానికీ రాళ్లు కొట్టడానికీ పెట్టారు. అంత పేరున్న వంటవాడిని!

నిర్మొహమాటం:
ఎవరూ కోప్పడకండి, అడగాలనిపించింది అడుగుతున్నాను. ఆరు రోజులు పని, ఒక రోజు సెలవు, తిండి, గూడు. ఆ రోజుల్లో ఇంగ్లండ్ మిల్లుల్లో కూలీలకి కూడా ఇంచుమించు ఇదే కదా? పిల్లల చేత కూడా పన్నెండు గంటలు చేయించుకున్నారు. పని గంటలు చూస్తే పెద్ద తేడా కనిపించడం లేదు.

రెండో షిఫ్ట్:
నిర్మొహమాటం గారూ, పొద్దు గూకితే పని అయిపోయిందని మీరు అనుకుంటున్నారు. లూసియానా పత్తి తోటల్లో పన్నెండేళ్లు బానిసగా ఉండి బయటపడిన సాలమన్ నార్తప్ రాసి పెట్టినది చూడండి. మధ్యాహ్నం పది పదిహేను నిమిషాలు, చల్లబడిన పంది మాంసం ముక్క మింగడానికి. మళ్లీ చీకటి పడేదాకా పత్తి ఏరడమే. వెన్నెల బాగా ఉంటే అర్ధరాత్రి దాకా కూడా. చీకటి పడ్డాక బుట్టలు మోసుకుని తూకానికి వెళ్లాలి. మనిషికి రోజుకి 200 పౌన్లు లెక్క, అంటే 90 కిలోలు. కొత్తగా వచ్చినవాణ్ణి మొదటి రోజు కొరడాతో పరుగులు పెట్టించి, ఆ రాత్రి తూకం ఎంత వస్తే అదే అతని కొలత అని రాసుకునేవాళ్లు. మర్నాటి నుంచి అంత తేవాల్సిందే. తగ్గితే దెబ్బలు. పొరపాటున ఓ పది పౌన్లు ఎక్కువ తెచ్చాడా, రేపటి నుంచి కొలత అంతకు పెరుగుతుంది.

తూకం అయ్యాక కంచరగాడిదలకి మేత, కట్టెలు కొట్టడం. ఆ తర్వాత మొక్కజొన్నలు విసురుకుని రాత్రికీ మర్నాటి మధ్యాహ్నానికీ వండుకోవాలి. ఆడవాళ్లకి వీటితో పాటు చంటిపిల్లలు, చాలాచోట్ల రాత్రిపూట నూలు వడకడం కూడా. తెల్లవారకముందే కొమ్ము ఊదుతారు. ఆ కొమ్ముకి లేవలేకపోతామేమోనన్న భయంతోనే పడుకునేవాళ్లట. ఎంత అలసిపోయినా ఆ టెన్షన్.

మిల్లు కూలీ కష్టం చిన్నదని నేననను. కానీ మిల్లు యజమాని కూలీ పిల్లాణ్ణి సంతలో అమ్ముకోలేడు. వర్జీనియాలో 1662లోనే చట్టం చేశారు, తల్లి బానిస అయితే పుట్టిన బిడ్డా బానిసే అని. మీరు గంటలు లెక్కపెడుతున్నారు. ఆ గంటలు ఎవరి సొత్తు అన్నది కూడా చూడండి.

మడికట్టు:
అన్నిచోట్లా ఒకే పద్ధతి లేదు, అది కూడా చెప్పాలి. పత్తి, చెరకు, పొగాకు తోటల్లో ముఠా పద్ధతి. అందరినీ ఒక వరసలో నిలబెట్టి, ముందు ఒకడు వేగం పట్టిస్తే వెనక ఒకడు కొరడా పట్టుకుని తోలుతాడు. సౌత్ కరోలినా, జార్జియా తీరాల్లో వరి పండించేచోట మాత్రం మన గుత్త పనిలా ఉండేది. మనిషికి రోజుకి ఇంత అని కొలిచి ఇస్తారు. కలుపు తీయడమో పార పనో అయితే పావు ఎకరం, మన లెక్కలో పాతిక సెంట్లు. అది పూర్తి చేస్తే మిగిలిన పొద్దు వాళ్లది.

ఒంట్లో సత్తువున్నవాళ్లు మధ్యాహ్నం రెండు మూడింటికల్లా ముగించుకుని సొంత మడి చూసుకునేవాళ్లు, పందుల్నీ కోళ్లనీ పెంచుకునేవాళ్లు, అమ్ముకునేవాళ్లు. ముసలివాళ్లూ గర్భిణులూ అయితే అరమనిషి, పావుమనిషి అని లెక్క కట్టి పని తగ్గించేవాళ్లు. వినడానికి బాగానే ఉంటుంది. పెరట్లో పాతిక సెంట్లు వేరు, మోకాలి లోతు బురదలో, దోమల్లో, మలేరియాలో పాతిక సెంట్లు వేరు. బలం లేనివాడికి సాయంత్రం దాటినా పూర్తయ్యేది కాదు. అయినా ఈ కొలత ఒకసారి ఊళ్లో స్థిరపడ్డాక దాన్ని పెంచడం యజమానికి కూడా అంత తేలిక కాలేదు. పెంచితే పనిముట్లు విరిగేవి, మనుషులు రాత్రికి రాత్రి అడవి పట్టేవాళ్లు. నాకు ఈ చర్చలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఈ బేరమే. కాగితం లేదు, కోర్టు లేదు, అయినా బేరం నడిచింది.

నిర్మొహమాటం:
బాగుంది, ఇది తెలియదు. మరి చట్టం సంగతి? పని గంటలకి ఏదైనా పరిమితి ఉండేదా?

పాతనాణెం:
ఉండేది, దాని వెనక కథ వింటే ఆశ్చర్యపోతారు. 1739 సెప్టెంబర్ 9, ఆదివారం. సౌత్ కరోలినాలో స్టోనో నది దగ్గర కొంతమంది బానిసలు ఆయుధాల దుకాణం మీద పడి తుపాకులు తీసుకుని, డప్పులు కొట్టుకుంటూ దక్షిణంగా స్పానిష్ వాళ్ల ఫ్లోరిడా వైపు బయల్దేరారు. ఆదివారమే ఎందుకంటే, ఆ రోజు వాళ్ల మీద కాపలా తక్కువ, తెల్లవాళ్లు చర్చిలో ఉంటారు. ఆ భయం యజమానులకి ముందు నుంచీ ఉంది. మగవాళ్లు చర్చికి తుపాకీతో రావాలని సరిగ్గా కొన్ని వారాల ముందే చట్టం కూడా చేశారు.

తిరుగుబాటుని అణిచేశాక 1740లో కొత్త చట్టం వచ్చింది. గుంపులుగా కూడటం నిషేధం, రాత నేర్పడం నిషేధం. అదే చట్టంలో ఇంకో ముక్క ఉంది. ఆదివారం బానిసల చేత పని చేయిస్తే యజమానికి 5 పౌన్ల జరిమానా. మార్చి 25 నుంచి సెప్టెంబర్ 25 దాకా రోజుకి 15 గంటలకు మించి, మిగతా ఆరు నెలలు 14 గంటలకు మించి పని చేయించకూడదు. మరీ పిండితే మళ్లీ తిరగబడతారని భయం, అందుకే ఈ గీత. 15 గంటలు దాటకూడదని చట్టంలో రాశారంటే అంతకుముందు ఎంత చేయించుకున్నారో మీరే ఊహించుకోండి. ఇక అమలు సంగతా? తెల్లవాడి మీద కోర్టులో సాక్ష్యం చెప్పే హక్కు బానిసకి లేదు. ఫిర్యాదు ఎవరిస్తారు?

ఫ్రెంచి వలసల్లో అయితే బానిసల గురించి చేసిన 1685 నాటి చట్టం, కోడ్ న్వార్, ఆదివారాలూ పండుగ రోజులూ అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా పని చేయించకూడదంది. అది మతం కోసం పెట్టింది. చెరకు కోతల్లో దాన్ని పట్టించుకున్న తోటలు తక్కువే.

గానుగెద్దు:
చెరకు మాట వచ్చింది కాబట్టి నేనూ దూరుతున్నాను. మాది ఉయ్యూరు దగ్గర, చిన్నప్పటి నుంచి చెరకు మధ్యే పెరిగాం. నరికిన గడ ఆగదు, వెంటనే ఆడించకపోతే రసం పాడవుతుంది. అందుకే బ్రిటిష్ వాళ్ల వలస జమైకాలో కోతలు మొదలైతే, సుమారు జనవరి నుంచి జూన్ దాకా, గానుగ రాత్రింబవళ్లు తిరిగేది. పగలు పొలంలో నరికినవాళ్లే వంతులవారీగా రాత్రి గానుగ దగ్గర, కాగుల దగ్గర నిలబడాలి. నిద్రమత్తులో గడతో పాటు చెయ్యి రోలర్ల మధ్యకి పోయేది. చెయ్యి నరికి మనిషిని లాగడానికి పక్కనే ఒక గొడ్డలి ఉంచేవాళ్లు. ఉంచారంటే, అలాంటివి జరుగుతాయని వాళ్ల లెక్కలో ముందే ఉంది.

ఐదారేళ్ల పిల్లలకి కూడా ఒక ముఠా ఉండేది. ఒక ముసలమ్మని పెట్టి వాళ్ల చేత గడ్డి పీకించేవాళ్లు. పెద్దవాళ్లు పొలం పని అయ్యాక పశువులకి గడ్డి మోపు కోసుకుని రావాలి, అది పని గంటల్లో లెక్కలోకి రాదు.

ఇక ఆదివారం. జమైకాలో యజమానులు తిండి సరిగా పెట్టలేదు. కొండవాలుల్లో పనికిరాని నేల చూపించి "పండించుకోండి" అన్నారు. కొన్నిసార్లు ఆ నేల మైళ్ల దూరం. ఆదివారం, కోతలు లేని రోజుల్లో పదిహేను రోజులకొక శనివారం, అక్కడికి నడిచివెళ్లి పెండలం, అరటి వేసుకునేవాళ్లు. యజమానికి దిగుమతి తిండి ఖర్చు తప్పింది. సెలవు ఇచ్చినట్టే ఇచ్చి మేత ఖర్చు వాళ్ల నెత్తిన పెట్టాడు. కానీ ఆ మనుషులు ఆ కొండవాలుల మీద ఎంత పండించారంటే, కింగ్‌స్టన్ ఆదివారం సంత వాళ్ల మీదే నడిచింది. తెల్లవాళ్లు కూడా వాళ్ల దగ్గరే కూరలు కొనేవాళ్లు.

ఓరుగల్లు పోరడు:
అన్నా, మా దిక్కు జీతగాళ్ల ముచ్చట గుర్తొస్తుంది. మా తాత చెప్పేటోడు, పండుగ పూట కూడా దొర కొట్టంలో పేడ తీసి, పాలు పిండి, గొడ్లకు నీళ్లు పెట్టినంకనే ఇంటికి పోయేదట. దసరా అయినా అంతే. దొర ఇంట్ల పెండ్లి అయితే ఊరు ఊరంతా వెట్టి. ఇదీ బానిసత్వమే కదా?

రెండో షిఫ్ట్:
పోలిక ఉంది తమ్ముడూ, కాదనను. అప్పు పేరుతో తరాలు తరాలు కట్టి పడేశారు, దేశమంతటికీ వెట్టి నిర్మూలన చట్టం 1976లో గానీ రాలేదు. కానీ రెండూ ఒకటే అంటే రెండిటికీ అన్యాయం చేసినట్టు. అక్కడ మనిషికి ధర కట్టి, పత్రం రాసి, వేరే రాష్ట్రానికి అమ్మేశారు. ఇక్కడ కులం, అప్పు, దొర భయం. దీని మీద వేరే చర్చ పెడితే నేను రాస్తాను.

గానుగెద్దు:
1831 క్రిస్మస్ సంగతి చెప్పకుండా జమైకాని వదలకూడదు. అక్కడ క్రిస్మస్‌కి మూడు రోజులు సెలవు అన్నది ఎప్పటినుంచో ఆచారం. ఆ ఏడాది డిసెంబర్ 25 ఆదివారం పడింది. ఆదివారం ఎలాగూ వాళ్లదే కాబట్టి ఇంకో రోజు అదనంగా ఇవ్వాలని బానిసలు, ఇవ్వమని యజమానులు. ఆదివారం పండుగ పడితే సోమవారం సెలవిస్తారా అని మనమూ ఆఫీసుల్లో అడుగుతుంటాం, అక్కడ ఈ ప్రశ్నకి ప్రాణాలు పోయాయి.

అసలు పథకం అంతకుముందే సిద్ధమైంది. బాప్టిస్టు క్రైస్తవ సంఘంలో డీకన్‌గా, అంటే సంఘ పెద్దగా ఉన్న శామ్ షార్ప్ అనే బానిస, సెలవులు అయ్యాక కూలి ఇస్తేనే పనిలోకి వెళ్దాం, లేకపోతే కూర్చుందాం అని ఊరూరా ఒట్లు వేయించాడు. అంటే సమ్మె. డిసెంబర్ 27 రాత్రి కెన్సింగ్టన్ ఎస్టేట్ తగలబడింది, అక్కడి నుంచి చేయి దాటిపోయింది. 60,000 మంది దాకా కదిలారని అంచనా. సైన్యం దిగి అణిచేసింది. 300 మందికి పైగా ఉరి, కాల్చివేత. షార్ప్‌ని 1832 మే 23న ఉరి తీశారు. బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వ రద్దు చట్టం చేసింది 1833లో. ఈ తిరుగుబాటు లేకపోతే అంత త్వరగా వచ్చేది కాదని నా నమ్మకం.

కాకినాడ కాజా:
నాకు తెలిసిన మరో కథ బ్రెజిల్‌ది. 1789 ప్రాంతంలో బహియాలో ఇల్యూస్ దగ్గర సంతాన అనే చెరకు తోట. బానిసలు ఓవర్‌సీర్‌ని, అంటే పని చేయించే మేస్త్రీని, చంపి, గానుగ పనిముట్లు పట్టుకుని అడవిలోకి వెళ్లిపోయారు. పనిముట్లు లేక గానుగ ఆగిపోయింది. కొన్నాళ్లకి అడవిలోంచే యజమానికి రాతపూర్వకంగా షరతులు పంపారు. తిరిగి రావాలంటే ఇవి ఒప్పుకో అని.

అందులో ఏమున్నాయో చూడండి. శుక్రవారం, శనివారం మా పని మేం చేసుకోవడానికి కావాలి, మధ్యలో ఏ పునీతుడి పండుగో వచ్చిందని వాటిలో ఒకటి కోయకూడదు. చేపలు పట్టుకోవడానికి వలలు, పడవలు ఇవ్వాలి. చెరకు రోజుకి ఆరు "చేతులు" (అక్కడి కొలత) కాదు, ఐదే, కట్టకి పది గడలు. గానుగ దగ్గర ఎంతమంది ఆడవాళ్లని పెట్టాలో కూడా రాశారు. ఇప్పుడున్న ఓవర్‌సీర్లు మాకొద్దు, మా సమ్మతితో వేరేవాళ్లని పెట్టు. చివర్లో, మాకు ఇష్టమొచ్చినప్పుడు ఆడుకుంటాం, పాడుకుంటాం, దానికి అనుమతి అడగం.

చదువుతుంటే యూనియన్ డిమాండ్ల పత్రంలా ఉంటుంది. యజమాని ఒప్పుకున్నట్టు నటించి నాయకుల్ని పట్టించాడు. గ్రెగోరియో లూయిస్ అనే నాయకుణ్ణి జైల్లో వేశారు, మిగతావాళ్లని దూరంగా బ్రెజిల్ ఉత్తరాన ఉన్న మరన్యావ్‌కి అమ్మేశారు.

నిర్మొహమాటం:
ఒప్పుకుంటాను, ఇది నేను ఊహించిన దానికంటే చాలా పెద్ద విషయం. అయినా ఒకటి. అమెరికాలో క్రిస్మస్‌కి వారం రోజులు వదిలేసేవాళ్లని విన్నాను. మరీ అంత భయం ఉన్నవాళ్లు వారం రోజులు ఎందుకు వదులుతారు?

పాతనాణెం:
దీనికి జవాబు ఫ్రెడరిక్ డగ్లస్ ఇచ్చాడు, మేరీలాండ్‌లో బానిసగా ఆ వారం రోజులూ అనుభవించినవాడు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా సెలవు. ఆ రోజుల్లో చీపుర్లు కట్టుకుంటూ, వేటాడుకుంటూ కష్టపడేవాళ్లంటే యజమానులకి గిట్టేది కాదట. తాగాలి, పందేలు కాయాలి, తాగి పడిపోవాలి. ఎవరెక్కువ తాగుతారో అని యజమానులే పందేలు పెట్టేవాళ్లు. స్వేచ్ఛంటే ఇంతేనా అని వాళ్లకి విసుగు పుట్టించి మళ్లీ పొలానికి తోలడం. తిరుగుబాటు ఆలోచనని అణచడానికి ఈ సెలవులకి మించిన సాధనం లేదని డగ్లస్ అభిప్రాయం. ఇదే డగ్లస్ ఆదివారాలు రహస్యంగా బడి పెట్టి తోటివాళ్లకి చదవడం నేర్పాడు. ఆ సెలవుని అతను దేనికి వాడాడో గమనించండి.

వారం అయ్యాక జనవరి 1. చాలాచోట్ల ఏడాదికి మనుషుల్ని అద్దెకిచ్చే రోజు అది. తల్లి ఒక ఊరికి, పిల్లలు ఇంకో ఊరికి. క్రిస్మస్ పాటలు పాడుతున్నప్పుడే ఆ భయం తల్లుల కడుపులో ఉండేది.

రెండో షిఫ్ట్:
ఆ సెలవుల్లోనే పారిపోయినవాళ్లు కూడా ఉన్నారు. జార్జియాలో మేకన్ ఊరి నుంచి ఎలెన్ క్రాఫ్ట్, విలియం క్రాఫ్ట్ దంపతులు 1848 డిసెంబర్ 21న బయల్దేరారు. క్రిస్మస్‌కి నాలుగు రోజులు బయటికి వెళ్లొస్తామని యజమానుల దగ్గర చీటీలు తీసుకున్నారు. ఎలెన్ తెల్లగా ఉండేది. జబ్బు చేసిన తెల్ల యజమానిలా మగవేషం వేసుకుంది, భర్త ఆమె నౌకరులా వెంట నడిచాడు. రైలు, ఓడ మీద క్రిస్మస్ ఉదయానికి బానిసత్వం లేని ఉత్తరాదిలోని ఫిలడెల్ఫియా చేరారు. వీళ్లు రాలేదని వెతకడం మొదలుపెట్టేలోపే ఊరు దాటిపోయారు. తను పారిపోయి బయటపడి, మళ్లీ వచ్చి ఇతరుల్ని తప్పించిన హారియట్ టబ్‌మన్ కూడా 1854 క్రిస్మస్‌కే తన అన్నదమ్ముల్ని తప్పించింది. సెలవు అయ్యాక వాళ్లని అమ్మేయాలని నిర్ణయమైపోయింది అప్పటికే.

ఉప్పుటేరు:
అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్కటే సందేహం. జమైకాలో 1834లో ఆ రద్దు చట్టం అమల్లోకి వచ్చాక పని గంటలు ఏమయ్యాయి?

గానుగెద్దు:
వెంటనే వదల్లేదు. 1834 ఆగస్టు 1 నుంచి "అప్రెంటిస్‌లు" అని పేరు మార్చి పాత యజమాని దగ్గరే ఉంచారు. జమైకాలో వారానికి నలభైన్నర గంటలు జీతం లేకుండా చేయాలి, మిగతా సమయం వాళ్లది. ఇక్కడ మొదలైంది గొడవ. రోజుకి 9 గంటల లెక్కన చేస్తే శుక్రవారం మధ్యాహ్నానికి గంటలు పూర్తవుతాయి. ఆ పూట కొండమీది సొంత పొలానికి వెళ్లి శనివారం సంతకి సరుకు సిద్ధం చేసుకోవచ్చు. కడుపుమంట ఉన్న యజమానులు కావాలనే రోజుకి 8 గంటలే చాలన్నారు. వినడానికి దయలా ఉంటుంది, కానీ దాంతో శుక్రవారం పూట పోయేది. దీని మీద మేజిస్ట్రేట్ల దగ్గర ఎన్ని తగాదాలో! చివరికి 1838 ఆగస్టు 1న ఆ పద్ధతి కూడా పోయింది.

కాకినాడ కాజా:
దానికి కొనసాగింపు మన దాకా వస్తుంది. మారిషస్‌లో చెరకు తోటలకి బానిసల స్థానంలో 1834 నుంచే ఇండియా కూలీలని ఒప్పందం మీద తీసుకెళ్లారు. మన కోరంగి రేవు పేరు మీద అక్కడి తెలుగువాళ్లని కోరింగాలు అనేవాళ్లు. కొరడా చట్టంలోంచి పోయింది, దాని బదులు "డబుల్ కట్" వచ్చింది. చెప్పకుండా ఒక రోజు పనికి రాకపోతే ఆ రోజు కూలి పోవడమే కాక ఇంకో రోజు కూలి కూడా కోసేవాళ్లు. ఐదేళ్ల ఒప్పందం మీద వెళ్లినవాడికి ఈ కోతలతో నెలాఖరుకి చేతికొచ్చేది ఎంతో చెప్పక్కర్లేదు. దీని మీద కొత్త చర్చ మొదలుపెడుతున్నాను, కోరంగి వైపు వాళ్లు ఎవరైనా ఉంటే మీ ఇళ్లల్లో వినపడే కథలు అక్కడ రాయండి.